దామనపల్లి ఘాట్ సినిమా తీస్తే ఎవరికి ఏ వేషం?

పోస్టు పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

మనలో చాలామందికి ఇష్టమైన ఆట ఒకటుంది. ఏదో ఒక చరిత్ర కథ తీసుకోవడం, దాన్ని సినిమాగా తీస్తే హీరో ఎవరు, విలన్ ఎవరు అని వేషాలు పంచడం. మన్యం పోరాటం దగ్గరికొచ్చేసరికి ఈ ఆట ఒక్క నిమిషంలో అయిపోతుంది. "అల్లూరిగా ఎవరు?" అని ఒక స్టారు పేరు తేల్చేసి లేచిపోతాం. మిగతావాళ్లంతా బాణాలు పట్టుకుని వెనకాల అరిచే జూనియర్ ఆర్టిస్టులే. గాం గంటం దొర ఎవరు? మల్లు దొర ఎవరు? మొట్టడం వీరయ్య దొర ఎవరు? బాస్టియన్ ఎవరు? ఎవరూ అడగరు. ఈసారి ఆ ఆటని చివరిదాకా ఆడదాం. వేషం పంచాలంటే ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి కదా.

నా సినిమాలో అల్లూరి పుట్టుక, చదువు, తీర్థయాత్రలు, కోయ్యూరులో మరణం, ఇవన్నీ ఉండవు. అవి 1974లో కృష్ణ గారి సినిమాలో చూసేశాం. ఆ సినిమాని తక్కువ చెయ్యను. చింతపల్లి అడవుల్లో తీశారు, తెలుగులో మొదటి సినిమాస్కోప్ అది, దర్శకుడు వి. రామచంద్రరావు షూటింగు మధ్యలోనే చనిపోతే యుద్ధం సీన్లు కె.ఎస్.ఆర్. దాస్ పూర్తి చేశారు. మా ఇళ్లల్లో పెద్దోళ్లు ఇప్పటికీ అల్లూరి అంటే కృష్ణ మొహమే తలుచుకుంటారు. నాది ఒక్కరోజు కథ. 1922 సెప్టెంబర్ 24, దామనపల్లి ఘాట్. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు చనిపోయిన రోజు. ఆ రోజుకి ముందు ఒక అరగంట, తర్వాత ఒక పావుగంట. అంతే సినిమా.

ముందు ఆ అరగంట.

అమెరికా సినిమాల్లో సరిహద్దు యుద్ధాలు చూస్తుంటాం. కోటలో తెల్లోళ్లు ఉంటారు, చుట్టూ కొండల మీద ఈకలు పెట్టుకున్న నీడలుంటాయి. ఆ నీడలకి పేర్లుండవు. మనకి కూడా ఒక సరిహద్దు ఉండేది. నర్సీపట్నం దాటి ఘాట్ మొదలయ్యే చోట. 1839లోనే కంపెనీవాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి ప్రత్యేకంగా చట్టం చేసి, మైదానంలో నడిచే కోర్టులూ పద్ధతులూ ఇక్కడ నడవవని, గవర్నరు ఏజెంటుదే పెత్తనమని తేల్చారు. మనం ఇప్పటికీ వాడే "ఏజెన్సీ" అనే మాట అక్కడిదే. గీత గీసింది వాళ్లు. ఆ గీత దాటి పైకొచ్చిందీ వాళ్లే. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుది అయిపోయింది. పోడు కొట్టడం నేరం, పశువుల్ని తోలడం నేరం, కట్టె తెచ్చుకోవడం నేరం. కొండల్లో ముఠాదార్ల పాత అధికారాలు ఒక్కోటీ తీసేశారు. అంతకుముందే, 1879–80లో, కారం తమ్మన్న దొర కాలంలో రంప ఒకసారి లేచింది. అంటే 1922లో మనవాళ్లకి తిరుగుబాటు కొత్త సంగతి కాదు, తాతలు చేసిన పనే.

ఇక బాస్టియన్. గూడెం డిప్యూటీ తాసిల్దారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించే పని ఇతని చేతిలో పడింది. ఆ రోడ్డు వేసిన చేతులు మనవి. కొండోళ్లని బలవంతంగా తోలుకొచ్చి పని చేయించడం, కూలి ఎగ్గొట్టడం, ఎదురు మాట్లాడితే కక్ష కట్టడం, ఇదీ అతని పద్ధతి. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర ఉద్యోగం పోవడం వెనక కూడా ఇతనితో వచ్చిన తగాదాలే ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన సినిమాలో మొదటి సీను అదే. ఉద్యోగం పోగొట్టుకున్న ఒక గ్రామాధికారి, వెనక్కి నడుచుకుంటూ ఊరికొస్తుంటాడు, తన ఊరోళ్లే వేస్తున్న రోడ్డు మీద.

బాస్టియన్ వేషం రావు రమేష్‌కి ఇస్తాను. గొంతు పెంచకుండా భయపెట్టగలడు. నాకు మీసాలు మెలేసి నవ్వే విలన్ వద్దు. ఫైలు మూసి "మీ అర్జీ పరిశీలిస్తాం లెండి" అనే విలన్ కావాలి. ఇలాంటోళ్లని మనం ఈరోజుకీ ఆఫీసుల్లో చూస్తున్నాం, అందుకే ఆ వేషం బాగా పండాలి. బాస్టియన్ తెల్ల దొర పంపగా వచ్చినవాడే, కానీ ప్రతి రోజూ కొండోడి కళ్ల ముందు కనబడింది అతనే. తెల్లోళ్ల మొహం చాలామంది చూసి కూడా ఉండరు. ఈ సంగతి మన సినిమాలు ఎప్పుడూ దాటేస్తాయి. తెల్లోడు కొరడా పట్టుకుంటేనే ప్రేక్షకుడికి కోపం వస్తుందనుకుంటారు కాబోలు.

అల్లూరి సీతారామరాజు. కొండోడు కాదు, మైదానం నుంచి వచ్చినవాడు. 1917లో కృష్ణదేవిపేట వచ్చాడు. మందులు తెలుసు, జాతకాలు తెలుసు, అర్జీలు రాయడం తెలుసు. 1922 నాటికి పాతికేళ్ల కుర్రాడు. అది మనం మర్చిపోతాం, సినిమాల్లో అంతకన్నా పెద్ద వయసువాళ్లు వేస్తారు కాబట్టి. నాకు ఈ వేషానికి సత్యదేవ్ బాగుంటాడనిపిస్తుంది. విశాఖపట్నం మనిషి, పైగా ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం నటించగలడు. రాజు గొప్పతనంలో సగం అదే అని నా అభిప్రాయం. గంటం దొరకీ మల్లు దొరకీ రాజు దొరక్కముందే కోపం ఉంది, కారణం ఉంది, కొండ దారులు తెలుసు. రాజు వాళ్ల మాట విని, ఆ కోపానికి ఒక వరస ఇచ్చాడు. ఆర్ఆర్ఆర్‌లో రామ్‌చరణ్ కాషాయం కట్టి విల్లు ఎత్తగానే హాలంతా ఈలలు. నేనూ వేశాను. కానీ నా సినిమాలో రాజు తెర మీద ఉండేది మొత్తం ఇరవై నిమిషాలు. మిగతా టైము గాం అన్నదమ్ములది.

ఆగస్టు 22న చింతపల్లి స్టేషను. సుమారు 300 మంది. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు చేతికొచ్చాయి. ఏమేం పట్టుకెళ్లామో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారని మన దగ్గర చెప్పుకుంటారు. రాజవొమ్మంగిలో తుపాకులతో పాటు ఇంకోటి కూడా విడిపించుకున్నారు: లాకప్పులో ఉన్న మొట్టడం వీరయ్య దొరని. ఈ మూడు రోజుల్ని నేను ఆరేడు నిమిషాల్లో లాగించేస్తాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిన కథే. ఒక్క వీరయ్య దొర బయటకొచ్చే షాట్ మాత్రం నిదానంగా. లాకప్పులోంచి వచ్చిన మనిషికి మొదట వెలుగు పడదు, కళ్లు చికిలించుకుంటాడు. అరిచి నినాదాలు చెయ్యడు. వీరయ్య దొరగా చెయ్యాల్సిన మనిషికి డైలాగులు తక్కువ, మొహం ఎక్కువ పని చెయ్యాలి. పశుపతి లాంటి నటుడు గుర్తొస్తాడు. కానీ ఈ పేరు పెన్సిలుతో రాస్తున్నాను, కారణం కింద చెప్తాను.

ఇప్పుడు ఘాట్.

సెప్టెంబరు నెలాఖరు. వానలు ఇంకా పోలేదు. గడ్డి మనిషెత్తు ఉంటుంది. పొద్దున మంచు పట్టి పది అడుగుల అవతల మనిషి కనబడడు. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దారి సన్నం, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. స్కాట్ కవర్డ్, హైటర్ బలగంతో రాజు కోసం ఎక్కుతున్నారు. ముందు మన దేశం పోలీసులు నడుస్తున్నారు, వెనక తెల్ల అధికారులు. పైన బండల వెనక, చెట్ల చాటున మనవాళ్లు. ముందు నడిచే జట్టుని రాజు మనుషులు ఏమీ చెయ్యలేదు. వదిలేశారు. వాళ్లు దాటిపోయాక, అధికారులు సరిగ్గా కిందికి వచ్చాక కాల్చారు. ఇద్దరూ అక్కడే పోయారు. ఇది మనం కట్టిన కథ కాదు, సర్కారు కాగితాల్లోనే ఉన్న సంగతి. భారతీయుల మీద తుపాకి ఎత్తకూడదని రాజు పెట్టిన నియమం వాళ్లనీ ఆశ్చర్యపరిచింది.

నాకు సినిమా మొత్తం ఇక్కడే ఉంది. ఆలోచించండి. మనిషెత్తు గడ్డిలో యాభై అరవై కళ్లు. కాళ్ల కింద నుంచి పోలీసు బూట్లు టకటకలాడుతూ పోతున్నాయి. వేలు గుర్రం మీద ఉంది. నొక్కకూడదు. నిన్నటిదాకా నీ ఊళ్లో కోడిని పట్టుకుపోయిన కానిస్టేబులు అదుగో, చేతికందేంత దూరంలో నడుస్తున్నాడు. నొక్కకూడదు. ఒక్కడు దగ్గినా అంతా పోతుంది. పోడు కొట్టినందుకు జైలుకెళ్లిన మనిషి, కూలి లేకుండా రోడ్డు వేసిన మనిషి, ఇంత కోపం కడుపులో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సినిమాల్లో మనవాళ్లని ఎప్పుడూ కేకలేస్తూ దూకేవాళ్లలాగా చూపిస్తారు. దామనపల్లిలో గెలిచింది మాత్రం నిశ్శబ్దం వల్ల. ఈ సీనులో వెనక సంగీతం వద్దు. కీచురాళ్లు, బూట్లు, ఆకుల మీంచి కారే నీళ్ల చప్పుడు చాలు.

దీనికి నాకు కావాల్సిన మొదటి నటుడు ముందు నడిచిన ఆ కానిస్టేబులు. పేరు లేదు. సుహాస్‌కి ఇస్తాను. మైదానం కుర్రాడు, జీతం కోసం వచ్చినవాడు, కొండ జ్వరం అంటే భయం, చలికి వణుకుతున్నాడు. నడుస్తూ నడుస్తూ ఒక చోట గడ్డి వైపు చూస్తాడు. ఏదో కనబడిందా? కళ్లు కనబడ్డాయా? అరవాలా? అరవడు, నడుచుకుంటూ పోతాడు. కొన్ని నిమిషాల తర్వాత వెనక తుపాకులు పేలతాయి. అప్పుడతనికి అర్థమవుతుంది, తనని వదిలేశారని. ఆ తర్వాత ఆ మనిషి నర్సీపట్నం ఎలా తిరిగెళ్లాడు, పై అధికారికి ఏం చెప్పాడు? ఇది నేను ఊహించిన పాత్రే, ఒప్పుకుంటాను. కానీ అలాంటి మనుషులు ఆ వరసలో ఉండే ఉంటారు.

స్కాట్ కవర్డ్, హైటర్ వేషాలకి పేరున్నవాళ్లు అక్కర్లేదు. ఆర్ఆర్ఆర్‌లో రే స్టీవెన్‌సన్, అలిసన్ డూడీ చేసినట్టు రాక్షసులూ అక్కర్లేదు. ఆ సినిమాకి అది సరిపోయింది. దీనికి లండన్‌లో నాటకాలు వేసుకునే ఎవరో ఇద్దరు కుర్రాళ్లు చాలు. చేతిలో మ్యాపుంది, కానీ అది కొండని చూపించదు. ఇద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి. పేర్లు చెక్కిన రాళ్లు. అదే పోరాటంలో పోయిన మనవాళ్లలో ఎంతమందికి పేరు చెక్కిన రాయి ఉంది? ఆ తేడా చూపించడానికే ఆ ఇద్దరినీ మనుషుల్లా చూపించాలంటున్నాను. వాళ్ల పేర్లు పోలీసు రికార్డుల్లో, చరిత్ర పుస్తకాల్లో, రాతి మీద ఉన్నాయి. బండ వెనక కూర్చుని తుపాకి పేల్చిన మనిషి పేరు ఎక్కడ?

ఇక అసలు పేచీ. గంటం దొర, మల్లు దొర.

తేలిగ్గా చెప్పేయొచ్చు, ఫలానా తమిళ నటుడు, ఫలానా మలయాళ నటుడు అని. "నల్లగా ఉంటాడు, అడవి మనిషిలా ఉంటాడు" అంటారు. ఈ "అడవి మనిషిలా" అనే మాట ఎన్నిసార్లు విన్నామో. 1976లో 'మృగయా'లో మిథున్ చక్రవర్తి సంతాల్ వేటగాడిగా చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. బాగా చేశాడు, కాదనను. 'జై భీమ్'లో మణికందన్, లిజోమోల్ జోస్ ఇరుళర్ల జంటగా చేశారు, మనందరం ఏడ్చాం. ఇద్దరూ ఇరుళర్లు కారు. యాభై ఏళ్లుగా మన కథకి అవార్డులొస్తున్నాయి, మన మొహానికి రావట్లేదు.

"మీవాళ్లలో నటులెక్కడున్నారు?" అంటారు. కేరళలో వయనాడ్‌కి చెందిన మణి అనే పణియ కుర్రాడి సంగతి తెలుసుకోండి. 2006లో మోహన్‌లాల్ 'ఫొటోగ్రాఫర్'లో నటించాడు, ఉత్తమ బాలనటుడిగా కేరళ రాష్ట్ర అవార్డు వచ్చింది. ఆ తర్వాత? చదువు ఆగిపోయింది, కూలి పనులకెళ్లాడు. మళ్లీ హీరోగా 'ఉడలాళం' అనే సినిమా వచ్చింది 2018లో. మధ్యలో పన్నెండేళ్లు. ఒక పెద్ద హీరో కొడుక్కి బాలనటుడి అవార్డు వస్తే పన్నెండేళ్లు ఖాళీగా ఉంటాడా? నటులు లేకపోవడం కాదు సమస్య, ఒకసారి పిలిచి మర్చిపోవడం. అదే కేరళలో అట్టపాడి ఇరుళ మహిళ నంజియమ్మ, 'అయ్యప్పనుమ్ కోశియుమ్'లో తన భాషలో తానే కట్టుకున్న పాట పాడి, 2022లో జాతీయ అవార్డు తీసుకుంది. "ఈమెకి శాస్త్రీయ సంగీతం రాదు, అవార్డెలా ఇస్తారు" అని అప్పుడు గోల చేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో లిలీ గ్లాడ్‌స్టోన్ బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్‌లో పెరిగిన అమ్మాయి. 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్'లో డికాప్రియో పక్కన ఓసేజ్ మహిళగా నటించి 2024 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ తీసుకుంది. స్టేజీ మీద మొదటి మాటలు తన భాషలో మాట్లాడింది. అక్కడ దానికి వందేళ్ల సినిమా చరిత్ర పట్టింది. మనకి ఎంత పడుతుంది?

కాబట్టి గంటం దొర, మల్లు దొర, వీరయ్య దొర, ఈ ముగ్గురికీ నేను స్టారు పేరు రాయను. పాడేరు, చింతపల్లి, అరకు, రంపచోడవరం, చింతూరు, ఈ ఐదు చోట్లా ఆడిషన్లు పెట్టాలి. పశుపతి పేరు పెన్సిలుతో రాసింది అందుకే, మనోడు దొరికిన రోజు చెరిపేద్దామని. మన ఊళ్లల్లో జాతరలకి నాటకాలేసేవాళ్లున్నారు, హాస్టల్ వార్షికోత్సవాల్లో అదరగొట్టేవాళ్లున్నారు, రీల్స్ చేసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గంటం దొరకి నలభై దాటిన మనిషి కావాలి. పోయిన గౌరవం నడకలో కనబడాలి. సర్పంచిగా చేసి ఓడిపోయిన మనిషైతే ఇంకా మంచిది (నవ్వకండి, ఆ నడక నేర్పితే రాదు). మల్లు దొరకి ముప్పై లోపు కుర్రాడు, ఎందుకో కింద చెప్తాను.

"స్టారు లేకపోతే డబ్బెవడు పెడతాడు" అనే మాటలో నిజం లేకపోలేదు. అల్లాణి శ్రీధర్ గారు 1990లో 'కొమరం భీమ్' తీశారు, భూపాల్ రెడ్డి గారు భీమ్‌గా చేశారు. అది థియేటర్ల దాకా రావడానికి 2010 అయింది. ఇరవై ఏళ్లు డబ్బాలో. అందుకే సత్యదేవ్, రావు రమేష్, సుహాస్ పేర్లు రాశాను, పోస్టరు మీద తెలిసిన మొహాలుండాలి కదా. కానీ 'బలగం' చూశాం. ఒక ఊరి చావు కథ, పెద్ద స్టారు లేడు, సగం మంది కొత్తవాళ్లు, జనం ఊళ్లల్లో తెరలు కట్టుకుని చూశారు. మన ఏజెన్సీలో కూడా సంతరోజు తెర కడితే ఎంతమంది వస్తారో ఊహించుకోండి.

వేషం ఇస్తే సరిపోదు, ఏం కట్టించి ఏం మాట్లాడిస్తారన్నది ఇంకో తలనొప్పి. గూడెం కొండల కథలో ఆదిలాబాద్ గుస్సాడీ నెమలి ఈకల టోపీలు పెట్టకండి, దండకం పెడతాను. గుస్సాడీ గోండులది, దండారి పండక్కి ఆడేది. కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది దానికే. కొమ్ముకోయ గోదావరి వైపుది. మన అరకు, పాడేరు వైపు థింసా. ఇవన్నీ ఒక్క పాటలో కలిపి కొట్టేస్తే "ట్రైబల్ సాంగ్" అయిపోతుంది వాళ్లకి. పులితోలు అసలే వద్దు. అలాగే లొకేషను చూసేవాళ్లకి ఒక మాట: ఇప్పుడు చింతపల్లి కొండల మీద ఎటు చూసినా కాఫీ, సిల్వర్ ఓక్, మిరియాల పాదులు. 1922లో అక్కడ ఇలా కాఫీ తోటలు లేవు. ఫ్రేములో సిల్వర్ ఓక్ కనబడితే మొదట నవ్వేది మన పిల్లలే. తిండి సీనుంటే చోడి అంబలి, సామ అన్నం పెట్టండి, ఆకులో పండ్లు పెట్టి "అడవి తల్లి ఇచ్చింది" అని డైలాగు చెప్పించొద్దు.

భాష గురించి కూడా. గూడెం వైపు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, మన యాసలో. కోయ మాట్లాడేవాళ్లు కోయలో, కువి మాట్లాడేవాళ్లు కువిలో మాట్లాడాలి, కింద తెలుగులో అక్షరాలు వెయ్యండి. 2022లో వచ్చిన 'ప్రే' అనే సినిమాకి పూర్తిగా కమాంచీ భాషలో డబ్బింగు కూడా చేశారు. అంత పెద్ద కంపెనీకి కుదిరింది, ఇక్కడెందుకు కుదరదు? "దొరా, మాకేటీ ఎరిక లేదు దొరా" అని చేతులు కట్టుకుని చెప్పే ఆ సినిమా భాష మాత్రం ఎవరిదో నాకు తెలీదు, మా ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు.

ఆడవాళ్ల పాత్రలు. సర్కారు కాగితాల్లో వాళ్ల పేర్లు వెతుక్కోవాల్సిందే. కానీ నెలల తరబడి కొండల్లో తిరిగిన అంతమందికి అంబలి కాచిందెవరు, పోలీసులు ఊళ్లోకొచ్చి "ఎటెళ్లారు" అని అడిగితే తెలీదని చెప్పి దెబ్బలు తిన్నదెవరు? రాజుకి మరదల్ని, ప్రేమని కల్పించడం కన్నా ఇది కథ. ఘాట్ సీనుకి ముందు రోజు రాత్రి ఒక ముసలామె, ఒక కోడలు, ఒక కుండ. ముసలామెగా మన ఊళ్ల పెద్దమ్మల్లో ఎవరైనా. వాళ్లకి కెమెరా అంటే భయం ఉండదు, కెమెరాకే వాళ్లంటే భయం వెయ్యాలి.

ఇక ఆ పావుగంట. దామనపల్లి తర్వాత సర్కారు ఊరుకోలేదు. మాప్పిళ్ల తిరుగుబాటు అణచడానికి మలబారులో పెట్టిన స్పెషల్ పోలీసుని ఇక్కడికి దించారు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం వరి చేలల్లో, అదే రాత్రి లింగాపురంలో మనవాళ్లు 12 మంది పోయారు. ఘాట్‌లో గెలిచినవాళ్లు చేలో ఓడిపోయారు. కొండ చాటు లేకపోతే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చారు. గూర్ఖాలు, ఈశాన్య కొండల కుర్రాళ్లు. ఒక కొండవాళ్ల మీదికి ఇంకో కొండవాళ్లని తోలారన్నమాట. ఈ వేషాలకి నిజంగా మణిపూర్, మిజోరం, అస్సాం నుంచి నటుల్ని పిలవండి. ఇద్దరు కొండోళ్లు తుపాకులు పట్టుకుని ఒకరినొకరు చూసుకునే షాట్ ఒక్కటి చాలు. మే 7న రాజుని కోయ్యూరు దగ్గర చంపారు. జూన్ 7న గంటం దొర పోయాడు. ఇవి తెర మీద అక్షరాలుగా వేస్తే సరిపోతుంది, చూపించను.

చూపించేది మల్లు దొరని. 1923 సెప్టెంబర్‌లో నడింపాలెంలో దొరికాడు. మరణశిక్ష వేసి, తర్వాత యావజ్జీవానికి తగ్గించారు. బతికి బయటికొచ్చాడు. దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. 1952లో, మొదటి ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఇండిపెండెంటుగా. చింతపల్లి స్టేషను మీద పడ్డ మనిషి పార్లమెంటులో కూర్చున్నాడు. ఈ సంగతి మనలో ఎంతమందికి చెప్పారు? నేను డిగ్రీ దాకా ఏ క్లాసులోనూ వినలేదు. అందుకే మల్లు దొరగా కుర్రాడు కావాలన్నాను, ముసలి మల్లు దొరగా ఇంకో మనిషి కావాలి. ఢిల్లీలో, ఆ పెద్ద గుండ్రటి భవనం మెట్లెక్కుతుంటాడు. పక్కన నిలబడిన కాపలా పోలీసు సెల్యూట్ కొడతాడు. మల్లు దొర ఒక్క క్షణం ఆగి ఆ పోలీసు బూట్ల వైపు చూస్తాడు. కట్.

ముసలి మల్లు దొర వేషానికి నా దగ్గర పేరు లేదు. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగకూడదు, కళ్లు బాగుండాలి. మీ ఊళ్లో, మీ తాతల్లో, మీ సంతలో చింతపండు అమ్మే పెద్దాయనల్లో ఎవరైనా కళ్ల ముందుకొస్తే వాళ్లని అడిగి, ఒప్పుకుంటే ఫొటో పంపండి. గంటం దొరకీ, వీరయ్య దొరకీ కూడా అంతే. కానిస్టేబులుకి సుహాస్ కన్నా మంచి పేరుందంటే అది వేరే తగాదా, దానికి నేను రెడీ.